తినునదియు, తినబడునదియు

జాతిభేదము గల ప్రాణుల పరస్పర సంబంధములను గుఱించిన శాస్త్రచరిత్రలో సికిందరాబాదు పేరు చెరగని రీతిగా వ్రాయబడియున్నది. కాని అది స్నేహమునకు సంబంధించిన పుట కాదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించుచు, దాని కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుచుండుటను ఇచ్చటనే కనుగొనెను. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున రోగికి ముట్టినది. అయిదేండ్లకు, 1902లో, వైద్యునికి నోబెల్ బహుమానము ముట్టినది. మనుష్యుని నెత్తురుపై దోమయు, దోమ కడుపులో క్రిమియు బ్రదుకుచు, ఆ క్రిమివలన మరల మనుష్యుడు పీడింపబడు ఈ చక్రమున ఆత్మీయులనదగినవారెవ్వరును లేరు. బేగంపేటలో ఆయన పేరిట నిలిచియున్న పరాన్నజీవశాస్త్ర సంస్థను చూచి వచ్చువారికి, ఒక జాతి మఱియొక జాతికి ఆహారముగనో, ఆశ్రయముగనో, వాహనముగనో తప్ప వేఱొక విధముగా అక్కఱకు వచ్చునా యను సంశయము కలుగుట సహజము.

అయినను ఆ సంస్థకు కొలది దూరముననే, మారేడుపల్లి, బోయినపల్లి, తిరుమలగిరి వీధులలో పుష్యమాసపు ప్రొద్దున నడచువారు, నెమరువేయుచు పండుకొనిన ఆవు డొక్కకు ఆనుకొని వెచ్చగా నిద్రించు ఊరకుక్కను చూచియే యుందురు. పత్రికలును చేతిఫోనులును నేడు ఇట్టి దృశ్యములతో నిండియున్నవి: కుక్కపిల్లను కౌగిలించుకొనిన కోతి, పిల్లికూనకు పాలిచ్చు కుక్క, మేకతో తిరుగు పులి. వీనిని చూచి కొందఱు కన్నులు చెమర్చుకొందురు. శాస్త్రజ్ఞులలో కొందఱు పెదవి విఱుతురు. ఇరువురి పక్షమునను కొంత న్యాయమున్నదనియు, ఇరువురును అడుగవలసిన ప్రశ్నను అడుగుటలేదనియు నా అభిప్రాయము. ఆ రెండు జంతువులకు ఒకదానిపై నొకదానికి ప్రేమ యున్నదా లేదా యనునది సులభముగా తేలునది కాదు; ఆ రెంటిలో ఏదైనను, తనకు తోచినప్పుడు, లేచి వెడలిపోగలదా యనునది మాత్రము కన్నులున్న ప్రతివాడును తేల్చుకొనగలడు. ఈ రెండవ ప్రశ్నను చేతబట్టుకొని, ఇంతవఱకు ప్రసిద్ధికెక్కిన ఉదాహరణములను ఒకమాఱు పరిశీలింపవలెనని ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ విషయమున మన ప్రాచీన కథకులు మనకంటె మెలకువ గలవారు. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలోని మిత్రలాభమును బాల్యమున చదివినవారికి కాకి, ఎలుక, తాబేలు, లేడి యనునవి కూడి వేటకానిని వంచించిన ఘట్టము జ్ఞప్తియందుండును. కాని లఘుపతనకమను ఆ కాకి చెలిమి కోరి వచ్చినప్పుడు, హిరణ్యకమను ఆ ఎలుక కన్నము విడిచి వెలికి రాకయే, తినుదానికిని తినబడుదానికిని పొత్తు ఎట్లు కుదురునని నిలదీయుటను మనము తఱచు మఱచుచున్నాము. అదే మిత్రలాభమున జరద్గవమను ముసలి గ్రద్ద, దీర్ఘకర్ణమను పిల్లి తీపిమాటలకు లోబడి దానికి తనకడ చోటిచ్చి, తుదకు ప్రాణమునే పోగొట్టుకొనును. మిత్రభేదమున పింగళకమను సింహమునకును సంజీవకమను ఎద్దునకును కుదిరిన నెయ్యము దమనకమను నక్క మాటలచే నెత్తుట ముగియును. జాత్యంతర మైత్రిని ఇంత ఇంపుగా వర్ణించినవారే దాని ముప్పులను, ఆకలియనియు కపటమనియు మూడవవాని జోక్యమనియు, ముందుగనే లెక్కగట్టిరి.

అడవిలోను పొలములోను కానవచ్చు సాహచర్యములో అధికభాగము స్నేహము కాదు, బేరము. బెల్జియము దేశపు వాన్ బెనెడెన్ 1875లోనే ఇట్టి సంబంధములను పరాన్నభోజనము, సహభోజనము, పరస్పరోపకారము అని విభజించి గ్రంథము వ్రాసెను. అల్వాలు చెఱువుగట్టున గేదెల కాళ్ల నడుమ తిరుగు తెల్లకొంగ, వాని అడుగులకు బెదరి ఎగురు మిడుతలను పట్టుకొనును. అట్లు పశువు వెంట నడచు కొంగ, ఒంటరిగా తిరుగు కొంగకంటె తక్కువ శ్రమతో ఎక్కువ పురుగులను సంపాదించునని పరిశీలకులు లెక్కించి చూపిరి. గేదెకు కలుగు లాభము స్వల్పము. అది కొంగను సహించును, అంతియే. ఆఫ్రికాలో పశువుల ఒంటిపై పిడుదులను ఏరుకొను ఆక్స్‌పెకర్ పక్షిని చిరకాలము పరమోపకారిగా చెప్పుకొనిరి. జింబాబ్వేలో పాల్ వీక్స్ కొన్ని ఎద్దులకడకు ఆ పక్షులు రాకుండ చేసి చూడగా, పిడుదుల సంఖ్యలో చెప్పదగిన భేదము కానరాలేదు సరికదా, పక్షులు వాలిన ఎద్దుల గాయములే మానక నిలిచినవని 2000వ సంవత్సరమున తేలినది.

ఈ బేరగాండ్రలో నాకు మిక్కిలి ఆసక్తి గొలుపునది ఏట్రింత. పసులపోలిగాడని కూడ పేరుగాంచిన ఈ నల్లని, చీలుతోక పిట్ట, మేయుచున్న గేదె వీపుపై రాజఠీవితో కూర్చుండి, దాని కాళ్లక్రిందనుండి లేచు పురుగులను గాలిలోనే పట్టుకొనును. గూడు కట్టుకొనిన కాలమున కాకి యనక, గ్రద్ద యనక, తన చెట్టు దాపునకు వచ్చినదానినెల్ల తఱిమికొట్టును. ఆ రక్షణము నాశించియే కాబోలు, గువ్వలును వంగపండుపిట్టలును అదే చెట్టున గూళ్లు కట్టుకొనును, వానిని ఇది ఏమియు ననదు. ఉర్దూ, హిందీ మాటలాడు మన ఇరుగుపొరుగువారు దీనిని కొత్వాలు అందురు. అయితే ఈ కొత్వాలు మామూళ్లు మరగిన కొత్వాలు. కలహారి ఎడారిలో దీని దాయాదియైన ఆఫ్రికా ఏట్రింతను పరిశీలించిన టామ్ ఫ్లవర్ మొదలగువారు 2014లో ప్రకటించిన విషయమిది: మీర్కాట్లకును, బాబ్లర్ పిట్టలకును నిజముగా గ్రద్ద వచ్చినప్పుడు ఇది నిజమైన హెచ్చరికనే చేయును, నమ్మకము కుదిరిన తరువాత నడుమ నడుమ అబద్ధపు కూత కూసి, అవి విడిచి పరుగెత్తిన ఆహారమును తన్నుకొనిపోవును, ఒకే కూతను పలుమాఱు విని అవి నమ్ముట మానినచో, వేఱొక జాతి కూతను అనుకరించును. కావలి లాభము, కోలుపోయిన తిండి నష్టముకంటె మిక్కిలిగా నున్నంతకాలము మోసపోయినవారు ఈ సాంగత్యమును విడువరు. దీనిని కపటమనవలెనా, సుంకమనవలెనా యని తర్కించినచో, సుంకమనుటయే న్యాయమని నాకు తోచుచున్నది. ఏలయనగా చెల్లించువాడు వెడలిపోగలడు, వెడలిపోవుట లేదు.

నల్లమల అడవులలో కొండముచ్చులును చుక్కల దుప్పులును కూడి తిరుగుట ఇట్టిదే, కాని ఇంతకంటె మర్యాద గలది. కొండముచ్చు కొమ్మపై కూర్చుండి తినునంత పాఱవేయును. ఎండకాలమున నేలపై పచ్చిక మాడిపోయినప్పుడు అట్లు రాలిన లేతాకులు, పూవులు, కాయలు దుప్పికి అందని ఎత్తునుండి అందివచ్చిన భోజనము. కొండముచ్చుకు చూపు దూరము. దుప్పికి ముక్కు చుఱుకు. పులి పొడ గట్టినప్పుడు ఒకటి చెట్టుపైనుండి ఖఖ్ మనును, మఱియొకటి నేలపైనుండి కీచుమనును; చెంచులవంటి అడవిబిడ్డలకు ఈ రెండు కూతలును కలిసి వినవచ్చుట పెద్దజంతువు కదలికకు గుఱుతు. మధ్యప్రదేశములోని కాన్హా అడవిలో పాల్ న్యూటన్ ఈ సాంగత్యమును పరిశీలించి 1989లో ప్రకటించెను. చేరవచ్చునవి తఱచు దుప్పులే. ఇక కెన్యాలోని తారు ఎడారిలో, పొట్టి ముంగిసలతో కలిసి మేతకు పోవు హార్న్‌బిల్ పక్షులు, తెల్లవాఱగనే ముంగిసలు నిద్రించు పుట్టకడకు వచ్చి కాచుకొనియుండుటను, అవి లేచుట ఆలస్యమైనచో పుట్ట కన్నమున కూసి పిలుచుటను ఆన్ రాసా 1983లో వర్ణించెను. బేరమే కావచ్చును, కాని ఒకరికై ఒకరు వేచియుండు బేరము సామాన్యమైనది కాదు.

అడవిని విడిచి ఇంటికి వచ్చినచో విషయము మాఱును. ఇచ్చట ముఖ్యమైనది లాభము కాదు, వయస్సు. చైనా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు జింగ్ యాంగ్ కువో 1930లో ప్రకటించిన ప్రయోగము ఈ రంగమున నేటికిని చెప్పుకొనదగినది. ఎలుకలను చంపు తల్లులకడ పెరిగిన 21 పిల్లికూనలలో 18 ఎలుకలను చంపుట నేర్చినవి. ఒంటరిగా పెరిగిన 20 కూనలలో 9 మాత్రమే చంపినవి. ఎలుకతో ఒకే బోనులో పెరిగిన 18 కూనలలో 3 మాత్రమే, అదియు పరాయి ఎలుకలను మాత్రమే, చంపినవి, తమతో పెరిగినదానిని ఒక్కటియు ముట్టలేదు. పిల్లికిని ఎలుకకును సహజవైరమని సామెతలు కట్టి శతాబ్దములు గడపిన మనకు, ఆ సహజములో సగపాలు చదువని తెలియుట కొంత వింతగనే యుండును. ఇదే రహస్యము పశుల కాపరులకు ప్రయోగశాల లేకయే తెలియును. 1833 ప్రాంతమున దక్షిణ అమెరికాలో తిరిగిన చార్లెస్ డార్విన్, అచ్చటి కాపరులు కుక్కపిల్లను తల్లినుండి వేఱుచేసి, దినమునకు మూడు నాలుగు మాఱులు గొఱ్ఱె పొదుగుకు పట్టి పాలు త్రాగించి, దొడ్డిలో ఉన్నితో పడక కట్టి పెంచెదరనియు, అట్లు పెరిగిన కుక్క మందను విడువక కాచుననియు తన యాత్రాగ్రంథమున వ్రాసెను. కుక్కపిల్ల జీవితమున మూడవ వారమునుండి పండ్రెండవ వారమువఱకు గల కాలము ఇందుకు అనువైనదని అమెరికాలోని బార్ హార్బరులో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు తమ దీర్ఘకాల పరిశోధనల ఫలితముగా 1965 నాటి గ్రంథమున నిరూపించిరి. ఆ కాలమున ఎదుట నున్నది గొఱ్ఱెయైనను, పిల్లియైనను, మనుష్యుడైనను, అదియే దాని బంధువర్గము. ఇట్టి చెలిమి నిజమైనదే. కాని దానిని ఎన్నుకొనినది కుక్క కాదు, కాపరి.

తల్లుల కథలు ఇంతకంటె కలవరపెట్టునవి. 2002 జనవరిలో కెన్యాలోని సంబురు అభయారణ్యమున ఒక ఆడుసింహము ఓరిక్స్ అను జింక దూడను చేరదీసి, ఇంచుమించు రెండు వారములు దానిని విడువక వెంటబెట్టుకొని తిరిగినది. లోకమంతయు దానిని మెచ్చుకొని కామున్యాక్ అను పేరును వ్యాపింపజేసినది. ఆ దినములలో సింహము వేటను మఱచి చిక్కిపోయినది, పాలులేక దూడయు చిక్కిపోయినది, తుదకు ఒక మగసింహము దూడను తినివేసినది. ఆ ఆడుసింహము తరువాతను అనేక దూడలను అట్లే పట్టుకొనినది. దీనికి ప్రతిగా గుజరాతులోని గిరి అడవిలో 2018 చివర కానవచ్చిన ఉదంతము చూడుడు: తనకు రెండు కూనలున్న ఆడుసింహము ఆ వయసుదే యగు చిఱుతపులి కూనను చేర్చుకొని, పాలిచ్చి, వేటమాంసము పెట్టి, 45 దినములు సాకినది; ఆ కూన పుట్టుకతో వచ్చిన వ్యాధిచే మరణించినది గాని సింహమువలన కాదు. పాలున్న తల్లికిని పాలులేని తల్లికిని గల భేదమే ఈ రెండు కథల భేదము.

ఒకప్పటి హైదరాబాదు రాజ్యమున భాగమైయుండిన బీడు జిల్లాలో, మాజల్‌గావ్ ప్రాంతమున, 2021లో కొండముచ్చులు కుక్కపిల్లలను ఎత్తుకొనిపోయి చెట్లపైనను మేడలపైనను ఉంచగా, పెక్కు పిల్లలు పడియో, పస్తుండియో చచ్చినవి. కోతులు పగతీర్చుకొనుచున్నవని పత్రికలు వ్రాసినవి. వందలకొలది చచ్చినవని గ్రామస్థులు చెప్పిరి. అటవీశాఖవారు డిసెంబరులో రెండు కొండముచ్చులను పట్టి తరలించిరి. పగయను మాటకు నాకు ఆధారము కానరాదు. పిల్లను ఒడిలో నుంచుకొని పేలు చూచు కోతిని దయామయి యనుటయు, అదే పిల్ల పడి చచ్చిన మఱునాడు ఆ కోతినే హంతకి యనుటయు ఒకే తొందరపాటు యొక్క రెండు ముఖములు. ఆ కుక్కపిల్లకు క్రిందికి దిగిపోవు దారి లేదు; విషయమంతయు అందే యున్నది.

దారి లేకపోవుటయే బందీల చెలిమికిని మూలము. 2004 డిసెంబరు 26న, మన నెల్లూరు, ప్రకాశము, కృష్ణా తీరములను ముంచిన ఆ సునామీయే కెన్యా తీరమున ఒక నీటిగుఱ్ఱపు పిల్లను తల్లినుండి వేఱుచేసినది. మొంబాసాలోని హాలర్ పార్కునకు చేర్చబడిన ఓవెన్ అను ఆ పిల్ల, అచ్చటి మ్జీ యను ముదుసలి రాక్షసితాబేలు ప్రక్కకు చేరి, దానితో తిని, దానితో పండుకొని, దానివలెనే మెలగుట నేర్చినది. ఇది లోకప్రసిద్ధము కనుక విస్తరింపను. తోడు కావలసిన పసిజంతువు, తోడని చూపుటకు మఱి యేమియు లేని ఆవరణము. తరువాత తనజాతి ఆడుజంతువు లభించిన పిమ్మట ఓవెన్‌ను అటు తరలించిరి. రష్యా దూరప్రాచ్యపు సఫారీ పార్కులో 2015 నవంబరున ఆహారముగా విడువబడిన తిమూర్ అను మేకపోతును తినక తనతో తిరుగనిచ్చిన ఆముర్ అను పులి, రెండు నెలలకు దాని కొంటెతనమును సహింపక విసరికొట్టినది, అంతట ఇరువురిని వేఱుచేసిరి. హిరణ్యకుని ప్రశ్నకు ఆ రెండు నెలలు సమాధానము కానేరవు. బెదరు గుఱ్ఱమునకు తోడుగా లాయమున మేకను కట్టుట గుఱ్ఱపుపందెముల వారికి పాత వాడుక. మందలో బ్రదుకవలసిన జంతువును ఒంటిగదిలో పెట్టినచో అది మేకతోనైనను మంద కట్టుకొనును. దీనియందు గుఱ్ఱపు హృదయముకంటె లాయపు గోడలే ఎక్కువగా మాటలాడుచున్నవి. డబ్బుకొఱకు పామునోట కుక్కపిల్లను పెట్టి, తామే రక్షించినట్లు చిత్రములు తీయు నీచులను గుఱించి ఒక్క వాక్యము చాలును.

బార్బరా కింగ్ అను అమెరికా మానవశాస్త్రజ్ఞురాలు, జంతువుల నడుమ స్నేహమని చెప్పుటకు ఆ సంబంధము కొంతకాలము నిలువవలెననియు, ఇరువైపులనుండియు నుండవలెననియు, ఒకదానికొఱకు మఱియొకటి తన నడవడిని సవరించుకొనవలెననియు మూడు నియమములు చెప్పెను. మంచి నియమములే, వీనికి నేను నాలుగవదానిగా స్వేచ్ఛను చేర్చుదును. ఆషాఢమున లష్కరు బోనాలు సమీపించినప్పుడు, ఇంటిముందు గుంజకు కట్టిన పోతు ప్రక్కన ఒక ఊరకుక్క వచ్చి పండుకొనుట ఈ ఊరి సందులలో కానవచ్చును. కుక్క తనంతట తాను వచ్చినది, తనంతట తాను పోగలదు. పోతు మెడలో త్రాడున్నది. ఈ దృశ్యమున మైత్రి యున్నచో అది ఒకవైపునుండి మాత్రమే మనము నిశ్చయింపగలిగినది. అందుచేతనే, జంతుప్రదర్శనశాలకంటె మోండా మార్కెటు పరిసరములు ఈ శాస్త్రమునకు ఎక్కువ పనికివచ్చునని నా నమ్మకము: అచ్చట ఆవు, కుక్క, పిల్లి, మేక, కాకి విచ్చలవిడిగా తిరుగును, ఎవరు ఎవరికడకు వచ్చిరో, ఎవరు ముందు లేచి పోయిరో, చలికాలపు పొత్తు వేసవిలో నిలిచినదో లేదో వ్రాసికొనుటకు ఓపికయు ఒక చిన్న పుస్తకమును తప్ప వేఱేమియు నక్కఱలేదు.

నాలుగు నియమములకును నిలిచిన ఉదాహరణ మొక్కటి చెప్పవలసియున్న, అమెరికాలోని టెన్నెసీ ఏనుగుల ఆశ్రయమున టారా అను ఏనుగును, బెల్లా అను దిక్కులేని కుక్కను చెప్పుదును. వేలాది ఎకరముల అడవి. టారాకు తోటి ఏనుగులు కలవు, బెల్లాకు తోటి కుక్కలు కలవు. అయినను ఏండ్లతరబడి రెండును కూడియే తిరిగినవి. వెన్నుకు దెబ్బ తగిలి బెల్లా కదలలేక కార్యాలయపు కట్టడమున కొన్ని వారములుండగా, ఆ అడవినంతయు విడిచి టారా ఆ కట్టడము దాపుననే కాచుకొనియున్నది. 2011 అక్టోబరున బెల్లా అడవి మృగములవాత పడి మరణించినది. ఇట్టివి పదివేలలో ఒకటి కావచ్చును. ఒకటి చాలును, స్నేహమను మాటను నిఘంటువు లోపలనే ఉంచి తాళము వేయువారిని వారించుటకు.

వ్యక్తుల చెలిమి ఒకటి, జాతుల చెలిమి మఱియొకటి. దీనికి మన ప్రాంతముననే, మన కప్పులపైననే సాక్ష్యమున్నది. తలవెండ్రుకలు టోపివలె పఱచుకొని, పొడవైన తోక గల దక్షిణాది కోతిని శాస్త్రజ్ఞులు బానెట్ మకాక్ అందురు; పొట్టితోకయు, ఎఱ్ఱనైన వెనుకభాగమును గల ఉత్తరాది కోతి రీసస్. తపతీ గోదావరులు ఈ రెంటి నడుమ హద్దులని పూర్వము చెప్పుచుండిరి. కొన్ని దశాబ్దములుగా రీసస్ ఆ హద్దును దాటి దక్షిణమునకు జరుగుచు, బానెట్ కోతి చోట్లను ఆక్రమించుచున్నదని కుమార్, సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా 2011లో ప్రకటించిన పరిశోధనలో హెచ్చరించిరి. రెండు జాతులును కలియు ప్రాంతములలో మిశ్రమమైన గుంపులు కానవచ్చును. అవి కలిసి మేసి, కలిసి నిద్రించి, ఒకదాని పేలు ఒకటి చూచుకొనును. త్రాడు లేదు, బోను లేదు, ఇరువురును వెడలిపోగలరు. నా నాలుగవ నియమము ఇచ్చట చెల్లినది. ఆ చెల్లుబాటుతోనే, పరిమాణమున పెద్దదై, మనుష్యుల నడుమ బ్రదుకుటకు మఱింత నేర్పు గల రీసస్ నిలుచుచున్నది, ప్రపంచమున ద్వీపకల్ప భారతము తప్ప వేఱొక నెలవు లేని బానెట్ తగ్గుచున్నది. పట్టణములలో బెడద పెట్టు కోతులను పట్టి దూరపు అడవి అంచులలో విడుచుట ఈ వ్యాప్తికి తోడ్పడినది. తెలంగాణ పల్లెలలో కోతులను తఱుముటకు కొండముచ్చులను తెచ్చి నిలుపుచున్నారు. పట్టిన కోతులను మఱియొక మండలపు పొలిమేరలో దింపివచ్చు బండ్లు మాత్రము, వానిలో ఉత్తరాదివెవ్వియో దక్షిణాదివెవ్వియో చూడకయే, నేటికిని తిరుగుచున్నవి.